సముద్రంలో పారేయించిన సాక్ష్యం

వకీళ్లకు రిటైర్మెంటు ఉండదంటారు. శుద్ధ అబద్ధం. మనం వాదిస్తూ ఉండగా జడ్జిగారు గోడ గడియారం వైపు చూడ్డం మొదలుపెట్టిన రోజున అది వచ్చేస్తుంది. కాకపోతే ఉత్తర్వు కాగితం ఎవరూ చేతికివ్వరు. నాకు మా ఆవిడ ఇచ్చింది. "కోర్టు మిమ్మల్ని మానేసి రెండేళ్లయింది. మీరే ఇంకా కోర్టుని మానలేదు" అంది. మర్నాడే నల్లకోటు ఇస్త్రీ చేయించి బీరువాలో పెట్టేశాను.

అప్పట్నుంచి శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లు, అమ్మాయిలు ఇంటికొస్తున్నారు. "పిల్లల మీద ఫోన్లలో, ఇంటర్నెట్టులో జరిగే నేరాల కేసులు మన వైపు మొదట పట్టుకున్నది మీరే కదండీ, ఆ అనుభవాలు రాయండి" అంటున్నారు. మొదట పట్టుకున్న మాట నిజమే. మొదట చెడగొట్టిందీ నేనే. ఈ రెండో ముక్క సన్మానపత్రాల్లో రాయరు కాబట్టి నేనే రాస్తున్నాను. ఎన్ని కేసులు గెలిచానో, ఏ జడ్జిగారు ఎప్పుడు మెచ్చుకున్నారో ఇందులో ఉండవు. అవి కావలసినవాళ్లు బార్ రూములో ఏ ముసలాయన పక్కన కూర్చున్నా సాయంత్రం దాకా వినొచ్చు.

గట్ల వకీలు

ఇరవై అయిదేళ్లు నేను పొలం గట్ల వకీలుని. కోటబొమ్మాళి దగ్గర వరి పండించే కుటుంబం మాది. గట్టు మూరెడు జరిగితే సొంత అన్నదమ్ములు ఒకరి పెళ్లికొకరు వెళ్లరని నాకు బడికి వెళ్లకముందే తెలుసు. ఆ తెలివితోనే బతికాను.

మా సీనియర్‌గారు కోర్టు హాల్లో నోరు విప్పడం నేను వేళ్ల మీద లెక్కపెట్టినన్ని సార్లే చూశాను. ఆయన పనంతా వరండాలోనే. "ఒరే నాయనా, తీర్పొస్తే ఒకడే కాఫీ పోయిస్తాడు. రాజీ అయితే ఇద్దరూ భోజనం పెడతారు" అనేవారు. ఆయన దగ్గర ఏడేళ్లు కూర్చుని నేను నేర్చుకున్న న్యాయశాస్త్రం అంతా ఆ రెండు వాక్యాల్లో ఉంది. పొలాల విషయంలో ఆయన మాట తప్పని ఇప్పటికీ అనను.

మా వైపు రాజీకి ఒక పద్ధతి ఉంది. పెద్దలు కూర్చుంటారు. తగువు తెచ్చిపెట్టిన కాగితం, అది దొంగ దస్తావేజు కావచ్చు, తప్పుడు వీలునామా కావచ్చు, అందరి ఎదుటా చింపుతారు. ముక్కలు పొయ్యిలో వేస్తారు. ఇక ఆ తగువు పుట్టనట్టే. మళ్లీ ఎవరైనా ఎత్తితే ఊరు ఊరుకోదు. నా చేతుల మీదుగా అలా ఎన్ని కాగితాలు చిరిగాయో చెప్పలేను. చింపితే పోతుందన్న నమ్మకం నాకు ఎముకల్లో పట్టేసింది. ఫోను కూడా ఒక రకం కాగితమేనని అనుకున్నాను. జరిగిన ఘోరమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. తొందర పనులున్న యువ న్యాయవాదులు ఇక్కడితో చదవడం ఆపేసి వెళ్లిపోవచ్చు.

తట్ట లేకుండా వచ్చిన పైడమ్మ

స్మార్టు ఫోన్లు చవకైపోయి పల్లెల్లోకి వచ్చి పడుతున్న రోజులవి. పాటలు కావాలంటే మండల కేంద్రంలో రీచార్జి కొట్టుకి వెళ్లేవారు. కొట్టువాడు ఫోనులోంచి మెమరీ కార్డు తీసి, తన కంప్యూటరుకి తగిలించి, పాటలు ఎక్కించి ఇచ్చేవాడు. ఆ కార్డులో మన ఇంటి ఫొటోలు కూడా ఉంటాయని, పాటలు ఎక్కే దారినే అవి దిగగలవని ఎవరికీ తోచలేదు. బీరువా తాళాలు ఊళ్లో వాళ్లకిచ్చి, కాస్త పట్టుచీర లోపల పెట్టి రండి బాబూ అన్నంత ధీమాగా ఇచ్చేవాళ్లం.

పైడమ్మ చేపలమ్ముకునే మనిషి. వాళ్లది తీరంలో ఒక ఊరు. పేరు రాయను. ఊరి పేరు రాస్తే పిల్ల పేరు రాసినట్టే. అంతకు ముందు ఆ ఊళ్లో వలలు ఆరేసుకునే దిబ్బ మీద తగువొస్తే నేనే రాజీ చేశాను. అందుకని వాళ్లకి నా మీద గురి. ఒక పొద్దున్న మా ఇంటికొచ్చింది. నెత్తిన తట్ట లేదు. ఆ మనిషిని తట్ట లేకుండా నేనెప్పుడూ చూడలేదు. వెనక మొగుడు అప్పారావు, అతని వెనక తొమ్మిదో తరగతి చదివే కూతురు. కూతుర్ని ఇక్కడ మంగ అంటాను. అసలు పేరు వేరు.

"లాయరు బాబూ, మా కొంప ములిగిపోనాది" అంది పైడమ్మ. "ఆ పాటల కొట్టోడు ఉన్నాడు కదా, ఆడు మా గుంట ఫొటోలు కార్డులోంచి లాగీసి ఏటేటో సేసినాడు. ఇప్పుడు ఆడు రమ్మన్న సోటికి రాకపోతే ఊరందరికీ పంపించెస్తానంటన్నాడు." గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

బెదిరింపులన్నీ మంగ దగ్గరున్న ఫోనులో ఉన్నాయి. వాడు పంపిన ఫొటో కూడా. మొహం పిల్లది, మిగతాది వాడు అతికించింది. దాని గురించి ఇంతకన్నా రాయను.

ఇప్పుడు మీ పెద్ద వకీలుగారి వ్యవహారం చూడండి. "ఏదీ, ఇటివ్వండి" అన్నాను. చూడవలసిన పనే లేదు. తల్లి చెప్పింది వింటే చాలు. కానీ గట్టు చూడకుండా దావా వెయ్యని మనిషిని కదా, చూశాను. అది చాలక మా గుమాస్తాని పిలిచి, "ఇది అతికించిందే అంటావా?" అని సలహా అడిగాను. అతను కళ్లజోడు తుడుచుకుని మరీ పరిశీలించాడు. పిల్ల గోడకానుకుని మమ్మల్నే చూస్తూ నిలబడి ఉంది.

చివరికి మంగే నోరు విప్పింది. "సార్, సోమారం నుంచి మాకు పరీచ్చలు. నాను ఇస్కూలుకి ఎల్లొచ్చా?"

"ఇంకేటి ఇస్కూలే నీకు! నోర్మూసుకో" అన్నాడు అప్పారావు.

నేనేమన్నాను? "ముందు ఇది తేలనివ్వమ్మా" అన్నాను. ఆ పిల్ల నన్నడిగింది ఆ ఒక్క ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

ఎనిమిది మంది పెద్దలు, నేనూ

పోలీసు కేసంటే పిల్ల పేరు పేపర్లో పడుతుందని వాళ్లని భయపెట్టింది నేనే. అలా పడకూడదని చట్టంలోనే ఉందని నాకు తెలీదు. తెలీకపోయినా చెప్పగలగడమే కదా మన వృత్తి. "పెద్దల్లో పెట్టి రాజీ చేసేద్దాం" అన్నాను.

వలల షెడ్డు కింద కూర్చున్నాం. ఎనిమిది మంది పెద్దలు, నేను తొమ్మిదోవాణ్ణి. ఆ సభకి పెద్ద మాజీ సర్పంచి. ఆయన కొట్టువాడికి సొంత మేనమామ. ముద్దాయి మేనమామే న్యాయమూర్తి కావడమన్నది సుప్రీంకోర్టులో కూడా దొరకని సదుపాయం. నేను అభ్యంతరం చెప్పలేదు. చెబితే రాజీ చెడిపోతుందని.

"నిజమేటో తేలాల కదా" అని మాజీ సర్పంచి ఫోను అందుకున్నాడు. ఆయన చూసి పక్కాయనకిచ్చాడు. అలా వరసాగ్గా ఎనిమిది చేతులు మారింది. ఒకాయన వెలుతురు చాలలేదని షెడ్డు బయటికి తీసుకెళ్లి చూసొచ్చాడు. విచారణ అంటే అదేనని అందరం గంభీరంగా కూర్చున్నాం.

కొట్టువాడు పాతికేళ్లవాడు. చేతులు కట్టుకుని, "తప్పయిపోనాది, మావా. సరదాకి సేసినాను. నాను సేసింది ఒక్క ఫొటోయే" అన్నాడు. అంతకన్నా స్పష్టంగా నేరం ఒప్పుకున్న మనిషిని నా సర్వీసులో చూడలేదు.

మాజీ సర్పంచి గొంతు సవరించుకున్నాడు. "ఆకొచ్చి ముల్లు మీద పడ్డా, ముల్లొచ్చి ఆకు మీద పడ్డా సిరిగేది ఆకే. మన గుంటనే మనం జాగర్తగా సూసుకోవాల" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ సామెత కట్టినవాడు కచ్చితంగా ముల్లు అయి ఉంటాడని నాకు చాలా ఏళ్ల తరవాతగానీ తట్టలేదు.

షరతులు మూడు. వాడు అప్పారావు కాళ్లు పట్టుకోవాలి. ఫోను సముద్రంలో వెయ్యాలి. పిల్ల ఇకమీదట ఇంటిపట్టునే ఉండాలి. నేరం చేసినవాడు కొట్టుకి వెళ్తాడు, చెయ్యని పిల్ల బడికి వెళ్లదు. ఇందులో వింత ఏమీ మాకు కనిపించలేదు. మూడో షరతు నేనే నా చేత్తో కాగితం మీద రాశాను. ఫోను సముద్రంలో వెయ్యడమన్న ఆలోచన కూడా నాదే. ఊళ్లో కాలిస్తే కంపు కొడుతుంది కదా.

అప్పుడు షెడ్డు చివర ఆడవాళ్లలో నిలబడ్డ పైడమ్మ గొంతెత్తింది. "మరైతే బాబూ, ఆడి కంపూటర్లో ఉండిపోదా అది?"

"మేం మాట్లాడుతున్నాం కదా పైడమ్మా" అన్నాను. పెద్దబాలశిక్ష కూడా చదవని ఆ మనిషికి వచ్చిన అనుమానం, రెండు డిగ్రీలున్న నాకు రాలేదు. వచ్చినా రాజీ చివర్లో వచ్చే అనుమానాలు మాకు ఇష్టం ఉండవు.

రాజీ కాగితం ఎంత జాగ్రత్తగా రాశానంటే, అందులో ఫొటో లేదు, ఫోను లేదు, కొట్టు లేదు. "ఉభయుల మధ్య గల స్వల్ప మనస్పర్థ పెద్దల సమక్షమున పరిష్కారమైనది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పిల్ల పరువు కాపాడానని మురిసిపోయాను. ఒక తెప్ప మీద ఇద్దరు ఫోను తీసుకెళ్లి లోతు చూసి వదిలారు. మాజీ సర్పంచి ఒడ్డున కొబ్బరికాయ కొట్టాడు. గంగమ్మ తల్లికి ఆ ఏడు స్మార్టు ఫోను ముట్టింది. మధ్యాహ్నం వాళ్లింట్లో చేపల పులుసు, వీళ్లింట్లో రొయ్యల వేపుడు. రెండు వైపులా భోజనం చేసి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను. పులుసు చాలా బాగుంది. అది గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

నాలుగు నెలల తరవాత

నాలుగు నెలలకి పైడమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే.

"సంతలో ఒకడు సేప బేరమాడతా నా మొకం సూసి నవ్వినాడు, బాబూ. ఏటి నవ్వుతన్నావురా అని సొక్కా పట్టుకున్నాను. ఫోను తీసి సూపించినాడు" అంది. మా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నేను మంచినీళ్లివ్వడం కూడా మరిచిపోయి నిలబడిపోయాను.

కొట్టులో కంప్యూటరు ఎక్కడిదక్కడే ఉంది. పాటల కోసం వచ్చినవాళ్ల కార్డుల్లోకి ఆ ఫొటో పాటలతో పాటు ఎక్కుతోంది. మూడు మండలాలు తిరిగింది. మంగ అప్పటికి నాలుగు నెలలుగా ఇంట్లోనే ఉంది. బయటికి రానిది ఆ పిల్ల ఒక్కతే, ఫొటో మాత్రం ఊళ్లన్నీ తిరుగుతోంది.

స్టేషనుకి తీసుకెళ్లాను. ఎస్సైగారు కుర్రాడు, మర్యాదస్తుడు.

"బెదిరింపు మెసేజిలేవి సార్?"

"ఫోనులో ఉన్నాయి."

"ఫోనేదీ?"

"సముద్రంలో ఉంది."

"ఎవరు పడేశారు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఆయన కలం మూత పెట్టేశారు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది.

ఆఫీసుకొచ్చాక నా జూనియరు సుజాత ముందు కూర్చుని అంతా చెప్పాను. నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసిన కార్మికుడి కూతురు. నా దగ్గర చేరి అప్పటికి ఏడాది. నేను పొలం ఫైళ్లు కట్టించడం తప్ప ఆ అమ్మాయికి ఏమీ నేర్పలేదు. అంతా విని, "సార్, పోక్సో చట్టం చదివారా?" అంది.

"పేరు విన్నాను."

"పిల్లల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోతే అది కూడా నేరమే సార్. మీరు చెప్పకపోవడం ఒక్కటే కాదు. చెప్పకుండా ఉండటానికి కాగితం రాసి సంతకాలు పెట్టించారు. పైగా సాక్ష్యం ముంచేశారు."

నాకు చాలా కోపమొచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు చట్టం చెప్పడమేమిటని రెండు రోజులు దాంతో మాట్లాడలేదు. మూడో రోజు ఆ అమ్మాయి బల్ల మీదున్న చట్టం పుస్తకం తను లేనప్పుడు తీసి చదివాను. సుజాత చెప్పింది అక్షరాలా నిజం. వచ్చాక క్షమించమని అడిగాను. "నన్ను కాదు సార్ అడగాల్సింది" అని టైపు చేసుకుంటూ కూర్చుంది.

బోను

ఫిర్యాదు వెళ్లింది. కొట్టు కంప్యూటరు పట్టుకున్నారు. వాడు అప్పటికే అన్నీ తుడిచేశాడు. తుడిచేస్తే పోతుందనుకునే మూర్ఖుల్లో నేనొక్కణ్ణే లేనని తెలిసి కొంత ఊరట కలిగింది. ఫోరెన్సిక్ పరీక్షశాలవాళ్లు తుడిచినవన్నీ పైకి తీశారు. కానీ వాడి తరఫు వాదన సిద్ధంగా ఉంది: కొట్టుకి వందమంది వస్తారు, ఎవరి కార్డులోంచి వచ్చిందో తెలీదు, మా వాడికి ఏ పాపమూ తెలీదు. అంటే వాడే చేశాడని వాడి నోటితోనే ఒప్పుకున్న సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. పిల్ల తల్లిదండ్రులు కాక, దగ్గర కూర్చుని అది విన్నవాళ్లు తొమ్మిది మందిమి.

ఎనిమిది మంది పెద్దలూ ఒకే మాట మీద నిలబడ్డారు. ఆ రోజు కూర్చున్నది వలల దిబ్బ తగువు మీదేనట. కావాలంటే కాగితం చూడండి అన్నారు. కాగితంలో "స్వల్ప మనస్పర్థ" ముత్యాల్లా మెరుస్తోంది.

ఊరు పైడమ్మ కుటుంబాన్ని వెలేసింది. నోటితో ఎవరూ అనలేదు. పొద్దున్నే తెప్ప నీళ్లలోకి తొయ్యడానికి నలుగురు కావాలి. అప్పారావు తెప్పకి ఎవరూ చెయ్యి వెయ్యడం లేదు. "బాబూ, కేసు తీసీసుకుందుమా?" అని ఒకసారి అతను నా దగ్గరికొచ్చి అడిగాడు. పైడమ్మ వెనకే వచ్చింది. "తీసీసుకుంటే గుంట ఇస్కూలుకెల్తాదేటి? ఎల్లదు కదా! మరెందుకు తియ్యడం?" అంది. అతను తువ్వాలు భుజాన వేసుకుని వెనక్కి మళ్లాడు.

వకాలతు సుజాతకిచ్చేసి నేను సాక్షినయ్యాను. సాక్షిగా ఉన్నవాడు అదే కేసులో వకీలుగా ఉండకూడదు. నా కక్షిదార్లు నాతో చెప్పినవి బయటపెట్టడానికి పైడమ్మ ఒప్పుకుంది. "అన్నీ సెప్పీ బాబూ. నువ్వు సేసింది కూడా సెప్పు" అంది. ఇలాంటి కేసుల్లో తలుపులు మూసి విచారిస్తారు. మంగ సాక్ష్యం చెబుతున్నంతసేపూ నేను వరండాలో ఉన్నాను. లోపల ఏం చెప్పిందో నాకు తెలీదు. తెలియవలసిన అవసరమూ లేదు. ఆ మాత్రం జ్ఞానం అప్పటికి వచ్చింది.

తరవాత నా వంతు. అవతలి వకీలు నాతో ఇరవై ఏళ్లుగా ఒకే బల్ల మీద టీ తాగిన మిత్రుడు. చాలా శ్రద్ధగా పని చేశాడు.

"ఈ చేతిరాత మీదేనా?"

"నాదే."

"ఇందులో ఫొటో అన్న మాట ఉందా?"

"లేదు."

"ఫోను?"

"లేదు."

"మరి ఇది దిబ్బ తగువు కాగితం కాదని ఎలా అంటున్నారు?"

"రాసింది నేను కాబట్టి. పిల్ల పరువు కాపాడుతున్నాననుకుని అలా రాశాను. కాపాడింది మీ కక్షిదారుని."

"ఫోను సముద్రంలో వెయ్యమన్నదెవరు?"

"నేనే."

"ముప్ఫై ఏళ్ల సర్వీసుకి చేరువైన వకీలు సాక్ష్యాన్ని సముద్రంలో పారేయిస్తాడా?"

"పారేయించాడండీ. మీ ఎదురుగానే నిలబడ్డాడు."

మిత్రుడు నెమ్మదిగా అడిగాడు. "అయితే ఈ చట్టం ప్రకారం మీరూ ముద్దాయి కావాలి కదా?"

"కావాలండి" అన్నాను.

జడ్జిగారు తలెత్తి నా వైపు చూశారు. గడియారం వైపు చూడలేదు. ఎన్నో ఏళ్లు ఎన్నో హాళ్లలో వాదించాను. నేను చెప్పింది పూర్తిగా నిజమైన రోజు అదొక్కటే అనుకుంటాను. నా మీద కేసు పెట్టమని స్టేషనులో రాసిచ్చాను కూడా. "ఉన్న ఒక్క సాక్షినీ ముద్దాయిని చేస్తే నా కేసేం కాను సార్" అని ఎస్సైగారు దాన్ని పక్కన పెట్టేశారు.

తీర్పు ఆ ఏడాది చివర్లో వచ్చింది. వాడికి జైలు శిక్ష పడింది. మాజీ సర్పంచి పైకోర్టుకి వెళ్దామని మనుషుల్ని పోగేశాడుగానీ, పోగైనవాళ్లు భోజనం చేసి వెళ్లిపోయారట.

తరవాతి పని

పొలం ఫైళ్లన్నీ మిత్రులకి పంచేశాను. మతి పోయిందన్నారు. సుజాతా నేనూ బళ్లకి వెళ్లి పిల్లలతో మాట్లాడటం మొదలుపెట్టాం. మొదటిసారి నెల్లిమర్ల దగ్గర ఒక బళ్లో సెక్షన్లన్నీ వరసగా ముప్పావుగంట చెప్పాను. నా స్వరానికి ముందు వరస నిద్రపోయింది, వెనక వరస లేచి వెళ్లిపోయింది. ఆఖర్న ఒక పిల్ల లేచి, "సార్, మనం స్క్రీన్‌షాట్ తీస్తే అవతలోడికి తెలిసిపోద్దా?" అని అడిగింది. స్క్రీన్‌షాట్ అంటే ఏమిటో నాకు తెలీదు. "చాలా మంచి ప్రశ్న" అన్నాను. ఏమీ తెలియనప్పుడు వకీళ్లం అనే మాట అదే. సుజాత లేచి జవాబు చెప్పింది. ఆ తరవాత ఎప్పుడూ నేను మొదట మాట్లాడలేదు.

మీకు చెప్పదగ్గవి రెండు మూడే ఉన్నాయి. ఫొటో చూపించమని అడక్కండి. మీ గుమాస్తాకి అసలు చూపించకండి. ఫోను పారేయనివ్వకండి, తుడవనివ్వకండి, అలా ఉంచి స్టేషనుకి పట్టుకెళ్లండి. పిల్ల పరువు, ఇంటి పరువు, ఊరి పరువు అని ఎవరైనా మొదలుపెడితే, ఆ పరువు వల్ల లాభం ఎవరికో లెక్క కట్టండి. పిల్లకి అని తేలిన సందర్భం నాకు ఒక్కటీ తగల్లేదు. రాజీ చేద్దామని పెద్దలు కబురు పెడితే మర్యాదగా నమస్కారం పెట్టి, భోజనం మాత్రం చెయ్యకండి.

బడి తెరిచిన రోజు

ఒక్క సంగతికి మాత్రం తీర్పు నుంచి కొన్ని నెలలు వెనక్కి వెళ్లాలి. నా సాక్ష్యం అయిన రెండు నెలలకి, జూన్‌లో బళ్లు తెరిచారు. "తీర్పొచ్చేదాకా ఆగుదాం" అన్నాను పైడమ్మతో. అలవాటు ఎక్కడికి పోతుంది!

"తీర్పు కోసం నా గుంట ముసలిదైపోవాలేటి?" అంది.

హెడ్‌మాస్టరు బడి పేరు పోతుందని నసిగితే సుజాత పిల్లల సంక్షేమ కమిటీ నుంచి ఉత్తర్వు తెచ్చింది. అది జేబులో పెట్టుకుని, దారిలో ఎవరైనా అడ్డొస్తే మాట్లాడదామని నేను ఊరికి వెళ్లాను. పెద్ద వకీలు ముందు నడుస్తాడు, వాళ్లు వెనక వస్తారు అన్నది నా ఊహ. మంగ యూనిఫారం వేసుకుని, తొమ్మిదిలో మళ్లీ చేరడానికి పుస్తకాల సంచీతో నిలబడి ఉంది. ఏడాదిన్నరలో పొడుగైంది. పైడమ్మ నన్ను పక్కకి జరగమని, పిల్ల చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

నేరుగా బడికి వెళ్లలేదు. మాజీ సర్పంచి ఇంటి ముందు ఆగింది. చేపలమ్మే గొంతు ఎంత దూరం వినబడుతుందో మీకు తెలుసు కదా.

"ఓ మావా! బయటికి రా! మా మంగ ఇస్కూలుకి ఎల్తన్నాది. ఆ దినాన్న ఫొటో సూసినావు కదా, కళ్లు సికిలించుకుని మరీ సూసినావు. ఇప్పుడు మడిసిని సూడు! ఇదిగో, దీని మొకం ఇది!"

తలుపు తెరుచుకోలేదు. ఆగి, పక్కింటికి వెళ్లింది. అక్కడా అదే కేక. ఆయన అరుగు మీద వల బాగుచేసుకుంటూ తల ఎత్తలేదు. మూడో ఇంట్లో మగమనిషి లోపలికి తప్పుకుంటే, అతని పెళ్లాం బయటికొచ్చి మంగ తల నిమిరి, "ఎల్లమ్మా, బాగా సదుంకో" అంది. నాలుగో ఇంటి దగ్గర, అందాకా వెనక తల దించుకుని వస్తున్న అప్పారావు ముందుకొచ్చి కూతురి సంచీ భుజాన వేసుకున్నాడు. ఎనిమిది ఇళ్లూ ఆగింది పైడమ్మ. ఒక్కటీ వదల్లేదు. ఊరంతా గుమ్మాల్లో నిలబడింది.

ఎనిమిదో ఇల్లు అయ్యాక వెనక్కి తిరిగి నన్ను చూసింది. గొంతు తగ్గించింది.

"తొమ్మిదోడివి నువ్వు బాబూ. ఇట్రా. సూడు."

వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఆ పిల్లకి నేను చెప్పాలనుకుని దాచుకున్న క్షమాపణ ఒకటుంది. దారంతా వాక్యాలు పేర్చుకుంటూ వచ్చాను. మంగ నా కళ్లలోకి సూటిగా చూసింది. చూపు దించుకోలేదు. నేనే దించుకున్నాను.

"అమ్మా, ఎల్దుము పద. బెల్లు కొట్టీస్తారు" అని మంగ ముందుకు నడిచింది.